పైపు ఈ రోజు కూడా అవసరమా?

రోగికి మూత్రం పైపు వేసే రోజున బంధువులు మమ్మల్ని చాలా ప్రశ్నలు అడుగుతారు. నొప్పి పెడుతుందా, లోపల ఏమైనా తెగుతుందా, పక్కకు తిరిగితే ఊడిపోతుందా అని. ఇవన్నీ అడగవలసినవే. కాని ఆ పైపు ఎప్పుడు తీస్తారని అడిగేవారు చాలా తక్కువ. వేసేది డాక్టరుగారు చెబితేనే కదా, తీసేది కూడా ఆయనే చూసుకుంటారు అనుకుంటారు. ఈసారి ఈ పేజీలో ఆ అడగని ప్రశ్న గురించే రాస్తున్నాము.

ఈ పైపును మేము వార్డులో ఫోలీ కాథెటర్ అంటాము. అమెరికాకు చెందిన మూత్రవ్యాధుల వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ 1930లలో రూపొందించిన పద్ధతి ఇది. రబ్బరు గొట్టం కొస దగ్గర చిన్న బుడగ ఉంటుంది. గొట్టం మూత్రాశయంలోకి చేరాక ఆ బుడగలోకి సాధారణంగా 10 మి.లీ. దాకా శుభ్రమైన నీరు ఎక్కిస్తే అది ఉబ్బి, పైపు జారిపోకుండా ఆపుతుంది. రెండో కొస బ్యాగుకు కలుస్తుంది. ఇంత తేలికైన సాధనం వల్ల ఎందరికో ప్రాణాలు నిలిచాయి. ప్రోస్టేట్ వాచి మూత్రం బిగుసుకుపోయి, కడుపు పట్టుకుని అరుస్తూ వచ్చిన పెద్దాయన పైపు వేసిన పది నిమిషాలకు నిద్రపోవడం మేము ఎన్నోసార్లు చూశాము. అందుకని పైపు చెడ్డదని మేము అనడం లేదు. అవసరం తీరిన తరువాత కూడా అది లోపలే ఉండిపోవడం చెడ్డది అంటున్నాము.

ఎందుకో చెబుతాము. ఆరోగ్యవంతుడికి మూత్రం వచ్చే దారిలో క్రిములు పైకి ఎక్కడానికి ప్రయత్నిస్తూనే ఉంటాయి. మనం మూత్రం పోసిన ప్రతిసారీ ఆ ధార వాటిని కడిగేస్తుంది. పైపు వేశాక ఆ కడుగుడు ఆగిపోతుంది. పైపు బయటి గోడ వెంబడి చర్మం మీది క్రిములు, మలద్వారం దగ్గరి క్రిములు మెల్లగా పైకి పాకుతాయి. బ్యాగు కింద ట్యాపును శుభ్రంలేని చేతితో తిప్పినా, పైపు, బ్యాగు కలిసే జాయింటు విప్పినా లోపలి దారిలో కూడా ఎక్కుతాయి. వీటిలో ఎక్కువ భాగం ఎక్కడి నుంచో వచ్చినవి కావు. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్ లాంటివి మన పేగుల్లోనే ఉండేవి. మరికొన్ని ఒక రోగి నుంచి ఇంకో రోగికి చేతుల మీదుగా వెళ్ళేవి. ఆ చేతుల్లో మా చేతులు కూడా ఉంటాయి.

నీళ్ళ తొట్టి నాలుగు రోజులు కడగకపోతే గోడలకు జారుడు జారుడుగా పాచి పడుతుంది కదా. పైపు లోపల, బయట సరిగ్గా అలాంటి పాచే పడుతుంది. క్రిములు ఆ పాచిలో గూడు కట్టుకుంటాయి. తొట్టిలో నీళ్ళు మార్చినంత మాత్రాన పాచి పోనట్లే, పైపు ఉండగా మందులు ఎన్ని ఇచ్చినా ఆ గూట్లో ఉన్నవి పూర్తిగా చావవు. ప్రోటియస్ అనే ఒక రకం క్రిమి అయితే మూత్రాన్ని క్షారంగా మార్చి, పైపు లోపల సున్నం పేరుకునేలా చేస్తుంది. కొన్నిసార్లు అలాగే పైపు మూసుకుపోతుంది.

పైపు ఉన్న ప్రతి రోజూ సుమారు 3 నుంచి 7 శాతం మంది మూత్రంలోకి కొత్తగా క్రిములు చేరతాయని అనేక దేశాల్లో గమనించారు. నెల రోజులు దాటితే దాదాపు అందరి మూత్రంలోనూ క్రిములు ఉంటాయి. మేము ఎంత జాగ్రత్తగా వేసినా, మీరు ఎంత శుభ్రంగా చూసుకున్నా ఈ లెక్క నెమ్మదిస్తుందే గాని ఆగదు. అలా చేరిన వారందరికీ జబ్బు చేయదు. కాని కొందరికి చలిజ్వరం వస్తుంది, కిడ్నీలకు పాకుతుంది, ఇంకా కొద్దిమందికి రక్తంలోకి ఎక్కి ప్రాణం మీదికి వస్తుంది. స్త్రీలకు, మధుమేహం ఉన్నవారికి, బాగా వయసు మళ్ళినవారికి ఈ ప్రమాదం ఎక్కువ. తుంటి ఎముకకు ఆపరేషను చక్కగా జరిగి, ఇంటికి వెళ్ళే రోజు దగ్గరపడ్డ రోగి పైపు జ్వరంతో ఇంకో వారం మంచం మీద ఉండిపోతే, ఆ ఖర్చు, ఆ బాధ ఎవరి ఖాతాలో రాయాలి?

కాబట్టి మా అభిప్రాయం సూటిగా ఇది. పైపు వల్ల వచ్చే ఇన్ఫెక్షనుకు అన్నిటికంటే మంచి నివారణ పైపు వేయకపోవడం. వేయక తప్పనప్పుడు, మొదటి అవకాశం రాగానే తీసేయడం. మిగతా జాగ్రత్తలన్నీ దీని తరువాతే.

వేయక తప్పని సందర్భాలు లేకపోలేదు. మూత్రం బిగుసుకుపోయినప్పుడు, కొన్ని ఆపరేషన్లలో, విషమ స్థితిలో గంట గంటకూ మూత్రం కొలవవలసి వచ్చినప్పుడు, నడుము కింద పుండు పడి మూత్రం తగిలి మానకుండా ఉన్నప్పుడు, కదపకూడని విరుపులు ఉన్నప్పుడు, చివరి రోజుల్లో ఉన్నవారికి కాస్త నెమ్మది కలిగించడానికి. అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 2009లో ఇచ్చిన సూచనలు కూడా ఇంచుమించు ఇవే. పక్క తడుపుతున్నారన్న ఒక్క కారణంతో పైపు వేయవద్దని అందులో స్పష్టంగా ఉంది.

ఇక్కడే మాకూ బంధువులకూ మాట తేడా వస్తుంది. పక్షవాతం వచ్చిన మామగారిని చూసుకుంటున్న కోడలు మా దగ్గరకు వచ్చి, "సిస్టర్, ఆ పైపు అలాగే ఉండనివ్వండి. రాత్రి నాలుగుసార్లు లేపాలి, నా ఒక్కదాని వల్ల కావడం లేదు" అంటుంది. అబద్ధం కాదు. పగలంతా ఇంటి పని, పిల్లల బడి, రాత్రి ఆసుపత్రి బెంచీ. కొడుకు హైదరాబాదులోనో గల్ఫులోనో ఉంటాడు. పైగా మామగారికి కోడలి చేత మూత్రం పాత్ర పట్టించుకోవడం చచ్చేంత సిగ్గు. ఆయన కూడా పైపే ఉంచమంటాడు. ఈ కష్టాన్ని మేము తక్కువ చేసి మాట్లాడము. పైపు వద్దని ఉపదేశం చెప్పి వెళ్ళిపోవడం తేలిక, రాత్రి రెండు గంటలకు ఎనభై కిలోల మనిషిని లేపడం తేలిక కాదు.

అయినా మేము వద్దనే అంటాము. పైపు ఉన్న మనిషి లేవడు. లేవవలసిన పని లేదు గనుక లేవడు. బ్యాగు మంచానికి, పైపు బ్యాగుకు, మనిషి పైపుకు. పలుపుతాడు వేసి గుంజకు కట్టినట్టే. వారం తిరిగేసరికి కాళ్ళలో సత్తువ తగ్గుతుంది, వీపు మీద పుండు మొదలవుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. నాలుగు రాత్రుల నిద్ర కోసం ఉంచిన పైపు, ఆ కోడలికి నలభై రాత్రుల సేవ మిగులుస్తుంది. మతిమరుపు ఉన్నవారైతే చిరాకులో బుడగతో సహా పైపు లాగేసుకుంటారు. అప్పుడు కారే రక్తం చూసిన ఇంటివారు ఆ దృశ్యం మరిచిపోలేరు.

సౌకర్యం కోసం పైపు ఉంచే అలవాటు బంధువులది మాత్రమే అనుకుంటే అన్యాయం. ఒక్క సిస్టరు ముప్ఫై మందిని చూసే రాత్రి డ్యూటీలు మన రాష్ట్రాల్లో కొత్త కాదు. ముప్ఫై మందికి బెడ్‌పాన్ ఇవ్వడం కంటే బ్యాగులు ఖాళీ చేయడం సులువు. ఇది కూడా సరైన కారణం కాదు. మనుషులు చాలకపోతే మనుషులను అడగాలి గాని, ఆ లోటును రోగి శరీరంలోకి గొట్టం దించి పూడ్చకూడదు. మేము శిక్షణ పొందే విద్యార్థినులకు ఈ మాట మొదటి సంవత్సరంలోనే చెబుతాము.

ఇక డాక్టర్ల సంగతి. 2000లో అమెరికాలోని 4 ఆసుపత్రుల్లో ఒక పరిశీలన జరిగింది. తమ రోగుల్లో ఎవరికి పైపు ఉందో డాక్టర్లను అడిగి చూశారు. పైపు ఉన్న రోగుల విషయంలో సుమారు 28 శాతం సార్లు వారికి ఆ సంగతే తెలియలేదు. పెద్ద డాక్టర్ల విషయంలో ఇది ఇంకా ఎక్కువ, 38 శాతం. దుప్పటి కింద ఉన్నది రౌండ్సులో కనబడదు మరి. లేదనుకున్న పైపును తీయమని ఎవరు రాస్తారు? ఈ లోపాన్ని సరిచేయడానికి అక్కడే 603 ఆసుపత్రులు కలిసి ఒక కార్యక్రమం నడిపి, 2016లో ఫలితాలు ప్రకటించాయి. రోజూ పైపు అవసరాన్ని తిరిగి చూసుకోవడం, వేసేటప్పుడు సరైన శుభ్రత, లెక్కలు రాయడం, అంతే. సాధారణ వార్డుల్లో పైపు ఇన్ఫెక్షన్లు సుమారు 32 శాతం తగ్గాయి. ఐ.సి.యు.లలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కొత్త మందూ లేదు, ఖరీదైన యంత్రమూ లేదు. మనలాంటి ఆసుపత్రికి ఇంతకంటే అందుబాటులో ఉండే పని ఏముంది?

అందుకే మేము కోరేది ఇంకో అడుగు ముందుది. పైపు ఏ కారణంతో వేశారో కేస్ షీట్లో రాసి ఉండాలి. ఆ కారణం తీరిందని తెలిసిన సిస్టరుకు, ముందే డాక్టర్లు ఒప్పుకున్న నియమాల ప్రకారం, ప్రత్యేకమైన ఆర్డరు కోసం ఎదురుచూడకుండా పైపు తీసే అనుమతి ఉండాలి. ప్రోస్టేట్, మూత్రకోశ ఆపరేషన్ల వారిని ఇందులో కలపనక్కరలేదు, వారి పైపు డాక్టరు చెప్పేదాకా ముట్టకూడదు. మిగతా వారి విషయంలో శనివారం సాయంత్రం తీయవలసిన పైపు సోమవారం రౌండ్సు దాకా ఆగడం మాకు న్యాయంగా కనబడదు. ఇది సిస్టర్లు డాక్టర్ల పనిలోకి దూరడం అని కొందరికి అనిపించవచ్చు. అనేక ఆసుపత్రుల్లో ఈ పద్ధతి ఇప్పటికే నడుస్తోంది.

మరి పాఠకులుగా మీరేం చేయాలి? రోజూ ఉదయం రౌండ్సులో ఒక్క ప్రశ్న అడగండి. "డాక్టరుగారూ, ఈ పైపు ఈ రోజు కూడా అవసరమా?" ఎవరూ కోప్పడరు. కోప్పడినా అడగండి.

పైపు తీస్తే ఎలా అన్నదానికి దారులు ఉన్నాయి. మగవారికి మంచం మీదే వాడుకునే యూరిన్ పాట్, ఆడవారికి బెడ్‌పాన్, కూర్చోగలిగిన వారికి కమోడ్ కుర్చీ. మగవారికి తొడుగులా పైనుంచి వేసే కాండం కాథెటర్ ఉంది, లోపలికి ఏమీ పోదు. రాత్రికి మాత్రం డైపరు వేసి, పగలు రెండు మూడు గంటలకొకసారి పాట్ ఇవ్వడం చాలా ఇళ్ళకు సరిపడుతుంది. డైపరు ఖర్చు నెలంతా కలిపితే భారమే, ఒప్పుకుంటాము. కోడలి చేత వద్దనే మామగారి దగ్గరకు ఒక పూట మనవడు కూర్చోవచ్చు. సేవ ఆడవారి పనే అని ఎక్కడా రాసి లేదు.

వెన్నెముక దెబ్బతిన్నవారిది వేరే కథ. తాటిచెట్టు మీద నుంచి పడి నడుము కింద స్పర్శ పోయిన గీత కార్మికులు మన పల్లెల్లో ఉన్నారు. వారికి జీవితాంతం పైపే గతి అని చాలామంది అనుకుంటారు. చేతులు పనిచేసేవారు అయితే, రోజుకు నాలుగైదుసార్లు సన్నటి పైపును తామే వేసుకుని మూత్రం పోయాక తీసేసే పద్ధతి నేర్చుకోవచ్చు. జాక్ లాపిడెస్ అనే వైద్యుడు 1972లో ఈ పద్ధతిని వివరిస్తూ, ఆపరేషన్ థియేటరు శుభ్రత అక్కరలేదు, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలని చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఇప్పుడు ప్రపంచమంతా అదే పాటిస్తోంది. నేర్పడానికి సిస్టరుకు, నేర్చుకోవడానికి రోగికి కొన్ని రోజుల ఓపిక కావాలి. ఆ తరువాత మనిషి బ్యాగు మోయకుండా పెళ్ళికీ, ఆరాధనకూ వెళ్ళగలడు.

పైపు ఉన్నన్ని రోజులు మాత్రం కొన్ని విషయాల్లో పట్టుదలగా ఉండండి. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, అలాగని నేలకు తగలకూడదు. మంచం పట్టీకి తగిలించండి. స్ట్రెచరు మీద మార్చేటప్పుడు బ్యాగు తీసి రోగి పొట్ట మీద పెట్టడం, ఆటోలో ఒళ్ళో పెట్టుకోవడం, బాత్‌రూముకు నడుస్తూ భుజం ఎత్తున పట్టుకోవడం మేము రోజూ చూసే దృశ్యాలు. బ్యాగులో నిలవ ఉన్న మూత్రం వెనక్కి పారడానికి అది చాలు. పైపు మెలిక పడకుండా, తొడకు ప్లాస్టరుతో అంటించి ఉండాలి. బ్యాగు మూడింట రెండు వంతులు నిండేలోపు ఖాళీ చేయండి. ముందూ తరువాతా సబ్బుతో చేతులు కడుక్కోండి. పట్టే మగ్గు మీ రోగికి వేరుగా ఉండాలి, పక్క మంచం వారి మగ్గు అరువు తెచ్చుకోవద్దు. వార్డుల్లో క్రిములు ప్రయాణం చేసే బండి ఆ మగ్గే.

పైపు చుట్టూ డెట్టాల్ పోయడం, బీటాడిన్ రాయడం, పౌడరు చల్లడం అక్కరలేదు. రోజూ స్నానంలో సబ్బు, నీరు చాలు. ఆడవారికి ముందు నుంచి వెనక్కి కడగాలి. మగవారికి ముందు చర్మం వెనక్కి జరిపి కడిగితే, మళ్ళీ ముందుకు జరపడం మరవకండి, లేకపోతే వాచిపోతుంది. మా శిక్షణ రోజుల్లో రోజూ బ్లాడర్ వాష్ చేయడం, పైపు తీసే ముందు కట్టి కట్టి వదలడం గొప్ప నర్సింగుగా చెప్పేవారు. అవి మామూలుగా అవసరం లేదని తరువాత తేలింది. జాయింటు విప్పిన ప్రతిసారీ ఒక తలుపు తెరిచినట్టే.

ఇక మందుల మాట. "మూత్రం వాసన వస్తోంది, చిక్కగా ఉంది, ఒక ఇంజెక్షను వేయండి" అని అడగనివారు లేరు. కొందరు ల్యాబులో బ్యాగు మూత్రమే ఇచ్చి పరీక్ష చేయించుకుని, క్రిములు ఉన్నాయన్న కాగితంతో మందుల షాపుకు వెళతారు. పైపు నెల రోజులు ఉన్నవారికి పరీక్షలో క్రిములు కనబడకపోతేనే వింత. జ్వరం, వణుకు, పొత్తికడుపులోనో నడుము పక్కనో నొప్పి లాంటి బాధలేవీ లేకుండా కేవలం క్రిములు ఉన్నంత మాత్రాన మందులు వాడవద్దని అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019లోనూ గట్టిగా చెప్పింది. గర్భిణీ స్త్రీలకు, మూత్రకోశంలో కొన్ని ఆపరేషన్లకు ముందు మాత్రమే మినహాయింపు. అనవసరంగా వాడిన మందుకు బలహీనమైన క్రిములు చచ్చి, మొండివి మిగులుతాయి. తరువాత నిజంగా జ్వరం వచ్చిన రోజున ఆ మందు పనిచేయదు. మన దేశంలో 2014 మార్చి నుంచి సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ వంటి మందులను హెచ్1 జాబితాలో పెట్టి, చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మినది రిజిస్టరులో రాయాలని నియమం చేశారు. షాపువాడు చీటీ అడిగితే మీ మేలుకే అడుగుతున్నాడు.

పరీక్ష నిజంగా అవసరమైతే బ్యాగులోని మూత్రం పనికిరాదు. పైపు రెండు వారాలకు మించి ఉంటే దాన్ని మార్చి, కొత్త పైపు నుంచి తీయాలి. వాసన, చిక్కదనానికి మొదటి మందు నీళ్ళు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు నీళ్ళు తగ్గించమన్నవారు తప్ప మిగతావారు బాగా తాగాలి. బార్లీ నీళ్ళు తాగించినా తప్పులేదు, అందులో పనిచేసేది ఎక్కువగా నీళ్ళే.

పైపుతో ఇంటికి వెళ్ళేవారికి మేము ఒక కార్డు ఇచ్చి, వేసిన తేదీ, మార్చవలసిన తేదీ రాస్తాము. మామూలు లేటెక్స్ పైపు నాలుగు వారాలకు మించి ఉంచరు, సిలికోన్‌ది పన్నెండు వారాల దాకా రావచ్చు. ఊళ్ళో తెలిసినవారి చేత ఇంట్లో మార్పించుకోకండి. స్త్రీల సమాజం వారు మంచాన ఉన్నవారిని చూడటానికి వెళ్ళినప్పుడు బ్యాగు ఎక్కడ ఉందో ఒకసారి చూడండి. నేల మీద ఉంటే ఇంటివారికి నొచ్చకుండా చెప్పి పైకి తగిలించి, ఆ కార్డు మీద తేదీ దాటిందేమో చూసి రండి. వణుకుతో జ్వరం ఉన్నా, బ్యాగులోకి నాలుగు గంటలుగా చుక్క రాకపోయినా, రక్తం వస్తున్నా ఆదివారమని ఆగకుండా తీసుకురండి.

పైపు తీసిన రోజు గురించి ఒక మాట. మొదటిసారి కాస్త మంట ఉంటుంది, చుక్కలు చుక్కలుగా రావచ్చు. ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు మూత్రం పోయాలి. గంటకే కంగారుపడి మళ్ళీ పైపు వేయమనకండి. వీలైతే కూర్చోబెట్టండి, మగవారిని నిలబెట్టండి, తెర వేసి ఒంటరిగా వదలండి, కుళాయి కొంచెం తిప్పి ఉంచండి. చుట్టూ ఆరుగురు నిలబడి వచ్చిందా వచ్చిందా అని అడుగుతుంటే ఎవరికైనా రాదు. ఆ గడువు దాటినా రాకపోతే, లేదా అంతకు ముందే పొత్తికడుపు ఉబ్బి బిగుసుకుంటే వెంటనే సిస్టరును పిలవండి.